దేవుడి దగ్గర పేరు

మా పేటలో ప్రతి మనిషికీ రెండు పేర్లుండేవి. ఒకటి బాప్తిస్మానికి కాలవలో ముంచి లేపినప్పుడు పాస్టరు అయ్యగారు పిలిచిన పేరు. రెండోది బడిలో చేర్చుకున్నప్పుడు మాస్టారు రాసుకున్న పేరు. మొదటిది బైబిల్లోది. రెండోది ఊళ్లో కామందుల ఇళ్లల్లో కూడా వినబడేది. ఇంట్లో, వీధిలో, ముద్దు చేయడానికీ, తిట్టుకోవడానికీ మొదటి పేరే వాడేవాళ్లం. రేషన్ కార్డుకీ, ఓటుకీ, కులం సర్టిఫికెట్టుకీ రెండోది. నాకూ రెండున్నాయి. ఆ రెండూ ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను చాలాసార్లు పోట్లాడాను. చర్చికి వెళ్లినంత మాత్రాన మా అమ్మని కామందుగారి వంటింట్లోకి రానిచ్చారా? మంచినీళ్లు గ్లాసుతో ఇచ్చారా, దోసిట్లో పోశారా? మా పేట ఊరి చివర నుంచి ఒక్క అడుగు ముందుకు జరిగిందా? ఏదీ మారలేదు. చట్టం మాత్రం, నువ్వు క్రైస్తవుడివయ్యావు కాబట్టి ఇక ఎస్సీవి కాదు, పోయి బీసీ-సీలో నిలబడు అంటుంది. ఎవరూ ఎవరికీ నేర్పకుండానే పేట మొత్తం రెండు పేర్లతో బతకడం నేర్చుకుంది.

మా నాన్న రైసు మిల్లులో కళాసీల మేస్త్రి. బస్తాలు మోసీ మోసీ మెడ ఒక పక్కకి వాలిపోయి ఉండేది. మిల్లులో ఆయన్ని బడి పేరుతో, అదీ సగానికి విరిచి, చివర ఒక 'గా' తగిలించి పిలిచేవారు. గుమాస్తా కుర్రాళ్లు కూడా అలాగే పిలిచేవారు. నాన్న "ఆయ్, వస్తున్నానండి" అని పరుగెత్తేవాడు. అదే మనిషి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని మందిరంలో లేచి నిలబడితే, మొదటి పేరు చివర గారు పెట్టి, "ఇప్పుడు ప్రార్థన నడిపిస్తారు" అనేవారు. అందరూ తలలు వంచేవాళ్లు. నాన్న గొంతు అప్పుడు వేరేగా ఉండేది, తొణకకుండా, నిదానంగా. ఆయన్ని గారూ అని పిలిచే చోటు భూమ్మీద అదొక్కటే. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. అందుకే ఎంత నిద్రొస్తున్నా ఆదివారం ఆరాధన మానేదాన్ని కాదు.

మాది సొంత సంఘం కాదు. రాజమండ్రిలో ఉన్న పెద్ద చర్చికి బ్రాంచి. నెలలో మొదటి ఆదివారం అక్కడి నుంచి పెద్దయ్యగారు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు చిన్నయ్యగారే చూసుకునేవారు. ఆయనది వేరే జిల్లా. పేటలోనే అద్దె ఇంట్లో ఉండేవారు. మాకు సండే స్కూల్లో పాటలు నేర్పిందీ, నన్ను కాలవలో ముంచి లేపిందీ ఆయనే. ఆయనకి మాత్రం ఒక్కటే పేరు. పుట్టుకతోనే కాగితాల మీద కూడా క్రైస్తవుడు, బీసీ. పోయేదేమీ లేని మనిషి.

మందిరం ఉన్న స్థలం పేటలో ఆడవాళ్లు కొన్నది. కొన్నది అంటే డబ్బు పెట్టి కాదు. అన్నం వండేముందు ప్రతి ఇంట్లో ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేవాళ్లు. ఇంట్లో గింజలు నిండుకుని గంజి కాచే రోజుల్లో కూడా అమ్మ ఆ పిడికెడు తీసేది. అలా ఏళ్ల తరబడి బియ్యం అమ్మగా వచ్చినదాంతో రోడ్డు పక్కన స్థలం కొని, పెంకుల హాలు లేపారు. కాగితం మాత్రం పెద్ద చర్చి పేరు మీద రాయించారు. బ్రాంచికి చట్టంలో పేరేముంటుంది మరి!

తొంభైల చివర్లో పెద్ద చర్చి వాళ్లు, బ్రాంచీలన్నిటినీ మేం చూడలేకపోతున్నాం, మీరు సొంతంగా రిజిస్టరు చేసుకుంటే స్థలం మీకే రాసిచ్చేస్తాం అన్నారు. మా మీద ప్రేమతో అన్నారని నేననుకోను. చేతులు దులుపుకున్నారు, అంతే. కానీ పేటలో అది పండగ కబురైంది. ఇక రాజమండ్రి వైపు చూడక్కర్లేదు, మన మందిరం మనది, మన అయ్యగారిని మనమే పెట్టుకుంటాం అని అందరూ మురిసిపోయారు. నాన్నయితే మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకుండానే చిన్నయ్యగారింటికి పోయేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నయ్యగారు అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. సంఘాన్ని రిజిస్టరు చేయాలంటే ఏడుగురు పెద్దలు సంతకాలు పెట్టాలట. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ రాయాలట. సభ్యులు బాప్తిస్మం పొందిన క్రైస్తవులై ఉండాలి అన్న ముక్క మొదటి నిబంధనలోనే ఉంటుందట.

అంతసేపూ హుషారుగా ఉన్న జనం ఒక్కసారి చప్పబడిపోయారు. ఒకాయన దగ్గాడు. ఒకాయన చాప అంచు గిల్లడం మొదలుపెట్టాడు. ఆదివారం వస్తే హాలు పట్టక బయట నిలబడేంత జనం, సంతకానికి ఏడుగురు దొరకలేదు. ఒకరి కొడుక్కి కానిస్టేబులు సెలక్షను. ఒకరి పిల్ల హాస్టల్లో చదువుతోంది. ఒకరికి ఇళ్ల స్థలం పట్టా రావాలి. బడి పేరుతో ఆ కాగితం మీద సంతకం పెడితే సర్టిఫికెట్టు వెనక్కి ఇచ్చేసినట్టే.

నాన్న లేచాడు. "అయ్యగారండి, ఇది దేవుడి సంఘం. దేవుడి దగ్గర మనకున్న పేరే పెడదామండి. బడి పేరుతో ఇక్కడ పనేంటండి?" అన్నాడు.

హాలు హాలంతా "ఆమెన్!" అంది. ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో! అందులో భక్తీ ఉంది, భయమూ ఉంది. ఏది ఎంతో నాన్నకే తెలియదని నా నమ్మకం. చిన్నయ్యగారు కాసేపు ఆలోచించి, "అలాగేనండి, మీ మనస్సాక్షి" అన్నారు. అప్పట్లో గుర్తింపు కార్డులు అడిగే రోజులు కావు. ఆరుగురు పెద్దలు బాప్తిస్మం పేర్లతో సంతకాలు పెట్టారు. ఏడో సంతకం చిన్నయ్యగారిది, ఆయనకున్న ఒక్క పేరుతోనే. ఆ రోజు ఆయన మనసులో చెడు ఉందని నేను ఇప్పటికీ అనలేను. అదే నాకు ఎక్కువ బాధ. మొదటి నుంచీ దొంగైతే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

స్వతంత్ర సంఘం ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. మైకు పెట్టారు. పులిహోర వండారు. పెద్దయ్యగారు వచ్చి స్థలం కాగితాలు చిన్నయ్యగారి చేతికిచ్చి ఫొటో తీయించుకున్నారు. ఆ రోజు ప్రార్థన నాన్నదే. మైకులో ఆయన పేరు, చివర గారుతో సహా, కాలవ గట్టు దాకా వినబడింది. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

తర్వాత కొన్నేళ్లకి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఎస్సీ కోటాలో, బడి పేరు మీద. మా పేటలో గవర్నమెంటు జీతం తీసుకున్న మొదటి ఆడపిల్లని నేనే. నాన్న మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. నా జీతం వచ్చినప్పుడల్లా అందులో పదో వంతు కవర్లో పెట్టి కానుకల సంచిలో వేసి, వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వేవాడు.

నాకు ఉద్యోగం రావడానికి కొన్నేళ్ల ముందే రోడ్డు వెడల్పు చేశారు. మందిరం ముందు బస్సులు ఆగడం మొదలైంది. చుట్టూ చేపల చెరువులు వచ్చాయి. చెరువులతో పాటు డబ్బూ, స్థలాల మీద కళ్లూ వచ్చాయి. చిన్నయ్యగారు మారడం ఒక్క రోజులో జరగలేదు. ముందు బోర్డు మీద సంఘం పేరు చిన్నదై, పైన ఆయన పేరు పెద్దదైంది. తర్వాత బావమరిది వచ్చి కోశాధికారి అయ్యాడు. తర్వాత ముందు భాగంలో షాపులు కడితే సంఘానికి ఆదాయం అన్నారు. షాపులు లేచాక చూస్తే అవి బావమరిది పేరు మీద ఉన్నాయి. నాన్నా, మిగతా పెద్దలూ వెళ్లి అడిగారు. ఆ తర్వాతి ఆదివారం మేం వెళ్లేసరికి మందిరానికి కొత్త తాళం. అడిగిన పెద్దలందరినీ తొలగించినట్టు గోడకి కాగితం అంటించి ఉంది. పిడికెడు పిడికెడు బియ్యం తీసిన ఆడవాళ్లు రోడ్డు మీద చెప్పులు విప్పి, అక్కడే కూర్చుని పాడుకుని వచ్చారు. బస్సుల్లోంచి జనం తొంగి చూశారు. తల కొట్టేసినట్టయింది నాకు.

రాజమండ్రిలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్లారు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఆయన కాగితాలు తిరగేసి, "ఇదేం పెద్ద కేసు కాదండి. ఏడుగురిలో ఎక్కువమంది మీ వైపే ఉన్నారు కదా. గెలుస్తాం. మీ రేషన్ కార్డులు, ఓటరు కార్డులు పట్రండి" అన్నారు.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి నాన్నే మెల్లగా, "కార్డుల్లో ఆ పేర్లు లేవండి" అన్నాడు.

సంగతంతా విన్నాక ప్లీడరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే ఈ ఆరుగురూ ఈ కాగితం మీద తప్ప లోకంలో ఎక్కడా లేరన్నమాట. ఉన్నవాడు ఒక్కడే, మీ అయ్యగారు. అవతలివాళ్లు రిజిస్ట్రారుకిచ్చిన కాగితంలో ఇప్పటికే అదే రాశారు, అసలు అలాంటి మనుషులే లేరని" అన్నారు.

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"ఒక్కరొచ్చి కోర్టులో ఆ పేరు నాదే, ఆ సంతకం నాదే అని చెబితే చాలు. బాప్తిస్మం పుస్తకం రాజమండ్రి చర్చి నుంచి నేను తెప్పిస్తాను. మిగతావాళ్లు కూడా తన ఎదురుగానే సంతకాలు పెట్టారని ఆ ఒక్కరే చెప్పొచ్చు."

"చెబితే మరి…" అన్నాడు కానిస్టేబులు తండ్రి. కొడుక్కి ఆ సెలక్షన్లోనే ఉద్యోగం వచ్చింది.

ప్లీడరు గారు నీళ్లు నమల్లేదు. "చెప్పినవాళ్ల పిల్లల సర్టిఫికెట్ల మీదికి వస్తుందండి. అవతలివాళ్లు ఒక్క అర్జీ పడేస్తే చాలు. నేను దాచి చెప్పను" అన్నారు.

ఆరుగురిలో ఒకాయన అప్పటికే పోయారు. మిగిలినవాళ్లంతా నేల చూపులు చూశారు. వాళ్లని అనలేను. నాన్న మాత్రం, "ఆ పేర్లు అందరిచేతా పెట్టించింది నేనండి. నేనే చెబుతాను" అన్నాడు.

ఆ పూట ఇంట్లో అమ్మ ఆయన్ని నిలువునా కడిగేసింది. "ఏమయ్యా, నీకు మతుందా? పిల్ల ఎండలో వానలో నడిచి చదువుకుంది. నువ్వు బోనెక్కి ఒక మాటంటే దాని నోటికాడ కూడు పోద్ది! మందిరం లేకపోతే చెట్టు కింద పాడుకుంటాం. దేవుడేవైనా కాదంటాడా?"

"ఆ స్థలం నీ బియ్యంతో కొన్నదే," అన్నాడు నాన్న.

"నా బియ్యవే. పోనీ! నేనే అంటున్నాను కదా, పోనీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు పోనివ్వాలమ్మా? వాడెవడు మనల్ని రోడ్డు మీద కూర్చోబెట్టడానికి? నా ఉద్యోగం పోతే పోనీ. ప్రైవేటు స్కూల్లో చేరతాను, ట్యూషన్లు చెప్పుకుంటాను. నాన్నా, నువ్వు చెప్పు. నా గురించి చూడకు" అన్నాను. ఊరికే అన్న మాట కాదది. భీమవరంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లతో అప్పటికే మాట్లాడి ఉంచాను.

నాన్న అన్నం కలుపుతూ తలెత్తాడు. "నిజంగానే అంటున్నావా?"

"నిజంగానే నాన్నా."

ఆయన తలూపి తినడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన మొహం తేటగా ఉంది. మందిరంలో ప్రార్థనకి లేచే ముందు ఉన్నట్టే ఉంది.

వాయిదా రోజు తెల్ల చొక్కా వేసుకున్నాడు. కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చిన్నయ్యగారు వచ్చారు. ఎంత మర్యాదగా వచ్చారనుకున్నారు! రెండు చేతులూ జోడించి, "వందనాలండి అన్నగారూ, ఆరోగ్యం బాగుంటోందాండి? ఆ మెడ నొప్పి తగ్గిందాండి?" అన్నారు. నాన్న అలవాటుగా లేచి నిలబడ్డాడు. "వందనాలండి, అయ్యగారండి."

ఆయన నావైపు తిరిగారు. "ఏమ్మా, బాగున్నావా? ఇప్పుడు ఏ స్కూలు?"

నేను స్కూలు పేరు చెప్పలేదు. ఆయన నవ్వి, మళ్లీ నాన్నతో, "అమ్మాయికి ప్రొబేషన్ పూర్తయిందాండి? ఇంకా లేదేమో కదండి. మన కళ్ల ముందు పెరిగిన పిల్లండి. దాని కోసం ప్రార్థన చేస్తూనే ఉంటాను" అన్నారు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. వాళ్ల ప్లీడరు చంకలో ఫైలు పెట్టుకుని కాస్త దూరంలో నిలబడి మావైపే చూస్తున్నాడు.

నాన్న మళ్లీ కూర్చోలేదు. పిలుపు వచ్చేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. "బెదిరిస్తున్నాడు నాన్నా, లెక్క చెయ్యకు" అన్నాను. విన్నాడో లేదో నాకు తెలియదు.

బోనులో దేవుడి ఎదుట నిజం చెబుతానని ప్రమాణం చేయించారు. మా ప్లీడరు గారు మొదటి ప్రశ్న అడిగారు. "మీ పేరు చెప్పండి."

నాన్న బడి పేరు చెప్పాడు. సగం విరిచింది కాదు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ప్లీడరు గారు కంగారు పడలేదు. అది కూడా ఆయన పేరే కదా. కాగితం చూపించి, "ఈ సంతకం ఎవరిదండి?" అన్నారు.

"తెలీదండి."

"సరిగ్గా చూడండి. ఇక్కడ రాసిన పేరు గల మనిషి ఎవరు?"

నాన్న కాగితం చూడలేదు. నన్నూ చూడలేదు. బోను కొయ్య రెండు చేతులతో పట్టుకుని, "ఆ పేరు గల మనిషిని నేనెరగనండి" అన్నాడు.

ప్లీడరు గారు కాగితం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. జడ్జి గారు ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత అడగడానికి ఏమీ మిగల్లేదు.

బస్సులో నేను ఊరుకోలేదు. చుట్టూ జనం ఉన్నారన్న ఇది కూడా లేకుండా నాన్న మీద విరుచుకుపడ్డాను. "ఎవరు చెప్పమన్నారు నిన్నలా? నేనడిగానా? పోతే నా ఉద్యోగం పోయేది, నీకెందుకు? నా తలకాయ మీద ఇంత బరువు ఎందుకు పెట్టావు?" కోపంతో ఏడుపొచ్చేసింది. నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బస్సు బ్రిడ్జి దాటి, అవతలి గట్టున చాలా దూరం వెళ్లాక మాట్లాడాడు.

"బళ్లో నిన్ను ఏవని పిలుత్తారమ్మా?"

"ఎవరు?"

"పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు. కామందుల పిల్లలు కూడా వత్తారు కదా ఆ బడికి."

"టీచరుగారంటారు."

"వారంలో ఎన్నాళ్లంటారు?"

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"నాకు ఆదివారం ఒక్కపూట. నీకు రోజూనమ్మా. నీది పోనిచ్చి నాది ఉంచుకోమంటావా?" అన్నాడు.

ఊరొచ్చాక ఆయన వెనకే దిగి ఇంటికి నడిచాను.

కేసు పోయింది. పేటలో నాన్నని ఒక్కరు కూడా తప్పుపట్టలేదు. ఇంకా నయం, నిలబడి చెప్పుంటే అందరి సంగతీ బయటపడేది అని సాయంత్రానికల్లా ఒక్కొక్కరే వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. కానిస్టేబులు తండ్రి అరటిపళ్లు తెచ్చాడు. తిట్టినా బాగుండేది. నాన్న ఆ పళ్లు ముట్టుకోలేదు.

కొన్నాళ్లకి పేటలోనే ఒకరి దొడ్లో తాటాకు పాక వేసుకున్నాం. రిజిస్ట్రేషనూ లేదు, బోర్డూ లేదు. ఏలూరు వైపు నుంచి ఒక యువకుడు అయ్యగారిగా వచ్చారు, పాపం మంచివాడు. ఆయనకి ఈ కథ ఎవరూ చెప్పలేదు. మొదటి ఆదివారం ఎవరు ప్రార్థన నడిపిస్తారని అడిగితే, ఆడవాళ్లు అలవాటుగా నాన్న పేరు చెప్పారు.

నాన్న రెండో వరసలో, కింద చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అమ్మ, వెనక నేను. అయ్యగారు పాట అయ్యాక, నాన్న పేరు చెప్పి, చివర గారు పెట్టి, "ఇప్పుడు ప్రార్థన నడిపిస్తారు" అన్నారు.

అందరం తలలు వంచాం. ఎవరూ లేచిన చప్పుడు లేదు. అయ్యగారు తలెత్తి చూసి, మళ్లీ అదే పేరు, అంతే మర్యాదగా పిలిచారు. అమ్మ మోచేత్తో నాన్నని పొడిచింది. వెనక నుంచి నేను "నాన్నా" అన్నాను.

నాన్న కూర్చున్నచోటే కూర్చుని చేతులు జోడించాడు. "ఆయన రాలేదండి" అన్నాడు.

అయ్యగారికి అర్థం కాలేదు. "సరేనండి, ఇంకొకరు నడిపించండి" అన్నారు. కానిస్టేబులు తండ్రి లేచి మొదలుపెట్టాడు. నాన్న తల వంచుకుని చివరిదాకా విని, అందరితో పాటు ఆమెన్ అన్నాడు.